ముప్పైకి పన్నెండు

దుబాసీకి కోపం ముక్కు మీదే ఉంటుందని కాలనీలో అందరూ అంటారు. అబద్ధం కాదు. ముప్పై ఆరేళ్ళ మనిషి, ఏ ఆఫీసులోనైనా కాలనీవాళ్ళ మాట అక్కడివాళ్ళకీ, అక్కడివాళ్ళ మాట కాలనీవాళ్ళకీ చేరవేయడం ఆమె ఉద్యోగం. పొద్దున లేస్తే ఎవరెవరి మాటలో మాట్లాడాల్సిన మనిషికి తనదంటూ మిగిలేది కోపమొక్కటే కదా. కానీ ఆ సోమవారం ఆరోగ్య కేంద్రంలో వచ్చిన కోపం ముక్కు దగ్గర ఆగే రకం కాదు. అరికాలి మంట నెత్తికెక్కింది.

కాలనీ అన్నది పెద్ద మాట. యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళకి పాతికేళ్ళ కిందట కట్టిచ్చిన ఆరు మేడలు. మధ్యలో తారు పోసిన ఖాళీ జాగా. ఒక మూల అందరికీ కలిపి బట్టలుతికే యంత్రాల గది, ఇంకో మూల ఆరోగ్య కేంద్రం. ఆ కేంద్రం ముందు గదిని అందరూ పగటి గది అంటారు. ముసలివాళ్ళు పొద్దున తొమ్మిదింటికి వచ్చి మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటారు. నర్సు బీపీ చూస్తుంది, చెవులు వినపడనివాళ్ళకి మిషన్లు పెట్టి బ్యాటరీలు మారుస్తుంది, కాళ్ళూ చేతులూ ఆడించే కసరత్తు చేయిస్తుంది. మిగతా సమయమంతా పేకాట, ఆ పేకాటలో దొంగాట, దాని మీద జగడం. ఇళ్ళలో నోరు విప్పని ముసలివాళ్ళు అక్కడ గొంతు చించుకుంటారు. పిల్లలు బడికీ, పెద్దలు పనికీ పోయాక నాలుగు గోడల మధ్య కూర్చునే మనిషికి జగడమాడే మనిషి దొరకడం ఎంత పెద్ద వైద్యమో ఒంటరిగా కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

డాక్టరమ్మ ఆ కేంద్రానికి కొత్త. దుబాసీని లోపలికి పిలిచి కుర్చీ చూపించి, "మంచి కబురు చెప్పాలి మీకు" అంది ఇక్కడి భాషలో.

ఈ దేశంలో మంచి కబురు అని మొదలుపెట్టి చెప్పినదేదీ దుబాసీకి ఇంతవరకు కలిసిరాలేదు. అందుకని కుర్చీలో కూర్చోకుండా నిలబడే వింది.

"మూడేళ్ళుగా అరవై దాటినవాళ్ళకి ఏటా జ్ఞాపకశక్తి పరీక్ష చేస్తున్నాం కదా. మతిమరుపు జబ్బు ముదరకముందే పట్టుకోవాలని. మీ కాలనీలో ఒక్కరికి కూడా ముప్పైకి ఇరవై ఏడుకి తగ్గలేదు. పక్క పేటలో మావాళ్ళకే ఇన్ని రావు! మీవాళ్ళు నిజంగా గట్టివాళ్ళు. అందుకని పగటి గదిని అవసరం ఉన్న చోటికి మారుస్తున్నారు. నెలాఖరుకి."

"మారుస్తున్నారంటే?"

"ఇక్కడ మూసేస్తారు. నర్సు కూడా అక్కడికే వెళ్తుంది. మీవాళ్ళ కోసం ఈ కరపత్రం పంపారు. మీ భాషలోకి మార్చి పెట్టాలి."

కరపత్రం మీద పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న ముసలి జంట బొమ్మ. కింద ఎనిమిది సూత్రాలు. రోజూ నడవండి. నలుగురితో కలిసి మాట్లాడండి. చెవులు పరీక్ష చేయించుకోండి. బీపీ చూపించుకోండి. కొత్త విషయం నేర్చుకోండి. పొగ మానండి. కంటినిండా నిద్రపోండి. మనసు ప్రశాంతంగా ఉంచుకోండి.

దుబాసీ రెండుసార్లు చదివింది.

"నలుగురితో కలవండి అంటారు. ఆ నలుగురూ కలిసే గదికి తాళం వేస్తారు. చెవులు చూపించుకోండి అంటారు. చెవులు చూసే నర్సుని పట్టుకుపోతారు. ఇదేం వేళాకోళం మేడం?"

"నేను రాసింది కాదమ్మా..."

"సరే, ఈ చివరిది చెప్పండి. ఏడాదికోసారి మా అనుమతి పొడిగిస్తారో, వెళ్ళిపొమ్మంటారో తెలీక పోస్టు డబ్బా చప్పుడైతే గుండె పట్టుకునేవాళ్ళం మేము. మనసు ప్రశాంతంగా ఉంచుకోండని మా భాషలో ఎలా చెప్పాలో మీరే చెప్పండి, రాసిపెడతాను."

డాక్టరమ్మ చెడ్డ మనిషి కాదు, పాపం. వచ్చి రెండు నెలలే అయింది, ముందున్నాయన వదిలిపోయిన కాగితాలు చూసి మాట్లాడుతోంది. "మార్కులే ఇలా ఉంటే నేనేం చెయ్యగలను? ఒక్కరికైనా తక్కువ వచ్చి ఉంటే అడగడానికి నాకో ఆధారం ఉండేది" అంది.

దుబాసీ కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో కుక్కుకుని విసవిసా బయటికొచ్చేసింది. పగటి గదిలో పేకాటవాళ్ళు పలకరించినా ఆగలేదు. తారు జాగా సగం దాటాక కాళ్ళు ఆగిపోయాయి. ఇరవై ఏడుకి తగ్గలేదట. తగ్గకుండా చూసిందెవరు?

ఆ పరీక్ష మొదటిసారి పెట్టినప్పుడు కాలనీలో పుట్టిన గగ్గోలు ఇంతా అంతా కాదు. బల్లకి అవతల ఒక మనిషి, చేతిలో కలం, ముందు కాగితం, వరసగా ప్రశ్నలు. ఈ సరంజామా కాలనీవాళ్ళకి కొత్త కాదు. అనుమతి కాగితాల ఆఫీసులో ఇలాంటి బల్ల ముందే వాళ్ళ బతుకులు తేలాయి. అక్కడ 'తెలీదు' అన్న మాట నేరం. 'మర్చిపోయాను' అన్నది ఇంకా పెద్ద నేరం. ఏ నెలలో ఇల్లు వదిలారన్నదానికి ఒకరోజు ఒకటి చెప్పి, ఇంకోరోజు ఇంకోటి చెప్పినవాళ్ళ ఫైళ్ళు వెనక్కొచ్చాయి. అందుకని ఇంటిల్లిపాదీ కూర్చుని జవాబులు బట్టీపట్టడం, ముందు వెళ్ళొచ్చినవాళ్ళు ప్రశ్నలు బయటికి మోసుకొచ్చి వెనకవాళ్ళకి అందించడం కాలనీలో నడక నేర్చినంత మామూలు. ఇంటి పేరు నుంచి ఇంటి ముందు మెట్ల లెక్క దాకా అందరూ అలాగే అప్పజెప్పారు. పుట్టినరోజు తెలియని ముసలివాళ్ళకి ఆ ఆఫీసు గుమాస్తా ఏడాది మొదటి రోజే రాసేశాడు. కాలనీ ముసలివాళ్ళంతా కాగితం మీద కవలలే.

అలాంటివాళ్ళకి జ్ఞాపకశక్తి పరీక్ష అంటే ఏమనుకుంటారు? తప్పితే అనుమతి పోతుందని ఒకరన్నారు. తాళం వేసే ఆసుపత్రిలో పడేస్తారని ఇంకొకరన్నారు. మొదటి రోజు పరీక్షకెళ్ళిన నలుగురూ సాయంత్రం బట్టలుతికే గదిలో పంచాయతీ పెట్టారు. గుర్తుపెట్టుకోమని డాక్టరు చెప్పే ఐదు మాటలూ బయటికొచ్చేశాయి. కుర్చీ, నిమ్మకాయ, గొడుగు, ఏనుగు, తాళం. ఏటా అవే మాటలు. మార్చాలన్న ఆలోచన పైవాళ్ళకి లేదు, మర్చిపోయే తీరిక వీళ్ళకి లేదు. గడియారం బొమ్మ వేసి పదకొండూ పది చూపించాలని తెలిశాక, ప్రతి ఇంట్లో పాత కవర్ల వెనకాల పదకొండూ పదులే. బట్టలు కుట్టే ముసలమ్మ ఒకావిడ, "ఇప్పుడు ఐదు మాటలు చెప్తాను" అని డాక్టరు నోరు తెరిచీ తెరవకముందే "కుర్చీ నిమ్మకాయ గొడుగు ఏనుగు తాళం" అని గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేసింది. డాక్టరు బిత్తరపోయి దుబాసీ వంక చూశాడు. "సిద్ధంగా ఉన్నానంటోంది" అని చెప్పింది దుబాసీ, మొహం మీద నవ్వు రాకుండా బుగ్గ కొరుక్కుని.

అప్పుడది నవ్వులాటే. బట్టీకి అందని ప్రశ్నలుంటే దుబాసీ సర్దేది. ఏ ఏడాది అంటే ముసలాయన ముప్పై ఏళ్ళ కిందటి ఏడాది చెప్పేవాడు, ఆమె ఈ ఏడాది చెప్పేది. వందలోంచి ఏడు తీసేయమంటే వాళ్ళు తొంభై ఐదు అనేవాళ్ళు, ఆమె నోట్లోంచి తొంభై మూడు వచ్చేది. మోసం చేస్తున్నానని ఒక్కరోజూ అనుకోలేదు. కాగితాల ఆఫీసులో ఆ సర్దుబాటే ఎన్ని ఇళ్ళు నిలబెట్టిందో ఆమెకి తెలుసు. తడబడ్డ మాటని నిలబెట్టి అందించడమే తన పని అనుకుంది.

బస్సు తాత విషయంలోనూ అదే చేసింది. ఆయన వదిలొచ్చిన ఊళ్ళో ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. కిందటేడు పరీక్షలో ఈ ఊరేమిటంటే తన రూటులో స్టాపులన్నీ వరసగా చెప్పాడు. దుబాసీ ఈ ఊరు పేరు చెప్పింది. ఆయనకి ఇరవై ఎనిమిది మార్కులు. మొన్న చలికాలంలో ఒక పొద్దున, ఆరింటి సర్వీసుకి టైమైందని కోడలితో చెప్పి, చొక్కా గుండీలన్నీ సరిగ్గా పెట్టుకుని బయటికెళ్ళాడు. రెండు రోజుల తర్వాత రైలు పట్టాల పక్క కాలవలో దొరికాడు. ఆయన ఫైల్లో 'జ్ఞాపకశక్తి బాగుంది' అని ఉంది కాబట్టి వెతకడానికి వచ్చిన పోలీసులు మొదటి రోజంతా, కావాలనే ఎటో వెళ్ళి ఉంటాడని చెప్పి కూర్చున్నారు. కోడలు దుబాసీని ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ కనిపిస్తే టీ తాగి వెళ్ళమంటుంది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇదంతా తారు జాగా మధ్యలో నిలబడి తలుచుకుంటే, ఇందాక డాక్టరమ్మ మీద విరుచుకుపడ్డ కోపం తిరిగొచ్చి తన మీదే పడింది. అయినా డాక్టర్ల మీద కోపం పోలేదు. ముసలివాళ్ళందరికీ ముప్పైకి ఇరవై ఏడూ, ఇరవై ఎనిమిదీ వస్తుంటే మూడేళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదా? పట్టించుకుంటే కదా! మార్కులు బాగుంటే గదులు మూసేయొచ్చు, అంతే వాళ్ళకి కావలసింది.

ఇంటికొచ్చేసరికి వంటగదిలో మాడు వాసన. అమ్మ పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు పెట్టి మర్చిపోయింది. నీళ్ళు ఇగిరిపోయి గిన్నె అడుగు నల్లగా కాలింది. ఈ నెలలో ఇది మూడోది. అమ్మ మాత్రం బట్టసంచీ చంకన పెట్టుకుని గుమ్మంలో తయారుగా ఉంది.

"ఏ ఇంట్లోనే నొప్పులు?" అంది దుబాసీని చూడగానే.

అమ్మ మంత్రసాని. ఇప్పుడు కాలనీలో తిరుగుతున్న ముప్పై దాటినవాళ్ళలో సగం మంది ఆమె చేతుల మీద భూమ్మీద పడ్డవాళ్ళే. తలుపు గంట మోగితే చాలు, మోచేతుల దాకా చేతులు కడుక్కుని సంచీ అందుకుంటుంది. ఇవాళ కుడి ముంజేతి మీద ఎర్రగా బొబ్బ లేచి ఉంది. కాలిందా అంటే తెలీదంది.

"మీ నాన్న రొట్టెలు పంపలేదే ఇవాళ?" అని అడిగింది, దుబాసీ మందు రాస్తుంటే.

ఏడాదిగా అమ్మ ఈ ప్రశ్న అప్పుడప్పుడూ అడుగుతోంది. తమ్ముడు నవ్వేస్తాడు, అమ్మకి రొట్టెల పిచ్చి పట్టిందని. వాడికేం తెలుసు? దాని అర్థం తెలిసినవాళ్ళు భూమ్మీద ఇద్దరే, ఆ ఇద్దరూ ఇప్పుడా గదిలోనే ఉన్నారు.

ఇరవై ఏడేళ్ళ కిందట మంత్రసాని ఇద్దరు పిల్లలతో దారిన పడింది. తొమ్మిదేళ్ళ కూతురు, చంకలో రెండేళ్ళ కొడుకు. కూతురు దారిలోనే జ్వరంతో పోయింది. తర్వాత నాలుగు రోజులకి సరిహద్దు దగ్గర, తమ ఊళ్ళో రొట్టెల కొట్టు ఆయన కూతురు కనిపించింది. దానికీ తొమ్మిదేళ్ళే. కొట్టు కూలి అమ్మానాన్నలిద్దరూ దాని కిందే ఉండిపోయారు. నా అన్నవాళ్ళు లేని పిల్లల్ని వేరే బండిలో ఎక్కిస్తున్నారు, ఎక్కడికో ఎవరికీ తెలీదు. బల్ల దగ్గర కూర్చున్నతను ఈ పిల్లెవరని అడిగితే, మంత్రసాని చచ్చిపోయిన తన పిల్ల పేరు చెప్పి, నా కూతురు అంది. తర్వాత గుడారంలో కూర్చోబెట్టి ఆ పేరు, పుట్టినరోజు, తాతల పేర్లు అన్నీ నేర్పించింది. దుబాసీ బట్టీపట్టిన మొదటి పాఠం అది. అప్పటి నుంచి ఆమె తన పేరుతో బతకలేదు.

అందుకే ఏడాదిగా అమ్మని పరీక్షకి తీసుకెళ్ళలేదు. అబద్ధం మీద పుట్టిన కాగితమని తెలిస్తే కుటుంబం మొత్తం ఫైలు మళ్ళీ తెరుస్తారు. నాలుగో మేడలో ఆరుగురున్న ఇంటిని ఇంతకంటే చిన్నదానికే పంపించేశారు. బల్ల ముందు కూర్చోబెట్టి ప్రశ్నలడిగితే అమ్మ నోట్లోంచి ఏమొస్తుందో ఎవరికి తెలుసు? ఇరవై ఏడేళ్ళు గడియ పెట్టుకుని కాచిన తలుపు, అమ్మ బుర్రలో ఇప్పుడు తెరిచే ఉంటోంది.

మధ్యాహ్నం తమ్ముడొచ్చాడు. గోదాములో పెట్టెలు మోసే పని, పొద్దుటి షిఫ్టు దిగి వచ్చాడు. అమ్మ ముంజేతి మీద బొబ్బ చూశాడు, నల్లబడ్డ గిన్నె చూశాడు, సంచీ నేలకేసి కొట్టాడు.

"కాలనీలో ముసలాళ్ళందర్నీ చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావ్. సొంత తల్లి దగ్గరికొచ్చేసరికి ఏమొచ్చిందక్కా నీకు?"

"తీసుకెళ్తాలేరా. పని ఒత్తిడి తగ్గాక..."

"ఏడాది నుంచి అదే పాట! అమ్మకి జబ్బని ఒప్పుకోడానికి నీకు నామోషీ. నలుగురిలో పరువు పోతుందని."

"నోర్ముయ్యి. నీకేం తెలుసని మాట్లాడుతున్నావ్?"

"తెలీదు. చెప్పు మరి!"

దుబాసీ పళ్ళు కొరుక్కుని గిన్నె తోమడం మొదలుపెట్టింది. తమ్ముడు కాసేపు చూసి, "బస్సు తాతలా అమ్మని కాలవలో వెతుక్కోను నేను" అన్నాడు. "గురువారానికి నేనే చీటీ తీసుకున్నా. నేనూ వచ్చి పక్కన కూర్చుంటా."

తోముతున్న చెయ్యి ఆగిపోయింది. తమ్ముడు ఇక్కడి బళ్ళో చదివినవాడు. ఇక్కడి భాష ఆమె కంటే వాడికే బాగా వచ్చు. వాడు పక్కన కూర్చుంటే ఒక్క మాట కూడా సర్దడం కుదరదు.

గురువారం పొద్దున డాక్టరమ్మ గది గోడ మీద పాత కాగితమొకటి అలాగే ఉంది. రక్తసంబంధీకులు దుబాసీలుగా ఉండరాదు. దాని కిందే దుబాసీ కుర్చీ. "ఇంకో దుబాసీని పిలిపించాలంటే ఏడు వారాలు పడుతుందట. మీకు అభ్యంతరం లేకపోతే..." అంది డాక్టరమ్మ. నిబంధన రాసి గోడకి అంటించడానికి మనుషులున్నారు, దాన్ని నిలబెట్టడానికి ఒక మనిషిని పెట్టడానికి మాత్రం దిక్కు లేదు. దుబాసీ ఆ కుర్చీలో కూర్చుంది. అమ్మకి అటు పక్కన తమ్ముడు.

ఇది ఏ నెలమ్మా అని అడిగింది డాక్టరమ్మ.

"పురుళ్ళు ఎక్కువగా వచ్చే నెల" అంది అమ్మ.

దుబాసీ ఉన్నదున్నట్టు చెప్పింది. చెప్పడానికి నాలుక మొండికేసింది. పదిహేనేళ్ళ అలవాటు, జవాబు తప్పని తెలిసీ తప్పుగానే అందించాలంటే చెయ్యి కాల్చుకుంటున్నట్టుంది. సున్నా పడింది. ఏడాదికీ సున్నా. ఐదు మాటలు చెప్పి మళ్ళీ చెప్పమంటే, అమ్మ నిమ్మకాయ ఒక్కటే అంది. ఏడాదిగా బట్టలుతికే గదికి వెళ్ళని మనిషి, ఆ ఐదు మాటలూ నేర్పేవాళ్ళెవరు? వందలోంచి ఏడు తీయమంటే ఎందుకు తీయాలంది. వస్తువులు చూపించి పేర్లడిగినప్పుడూ, చెప్పిన పని చేయమన్నప్పుడూ మాత్రం తడబడలేదు, అక్కడే తొమ్మిది మార్కులొచ్చాయి. గడియారం వేయమంటే గుండ్రంగా ఒక గీత గీసి, దాని వంక పరీక్షగా చూసి, "రెండు వేళ్ళే తెరుచుకుంది. కాన్పుకి ఇంకా టైముంది" అని కలం కింద పెట్టేసింది.

దుబాసీ అదీ చెప్పింది. డాక్టరమ్మ కూడా పురుళ్ళు చూసిన మనిషే, అర్థమై పెదవుల మీద చిన్న నవ్వు వచ్చింది. నవ్వుతూనే సున్నా వేసింది. తమ్ముడు తల దించుకుని అరచేతులు రుద్దుకుంటున్నాడు. అమ్మకి ఇంత జబ్బని వాడూ అనుకోలేదు.

"చివరిది. మీతో వచ్చిన ఇద్దరూ మీకేమవుతారు?"

దుబాసీ ఆ ప్రశ్నని తమ భాషలో అడిగింది.

అమ్మ ముందు తమ్ముడి వంక చూసింది. "నా కొడుకు" అంది. తర్వాత ఇటు తిరిగింది. చాలాసేపు చూసింది, గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుని మరీ చూసింది.

"ఇది రొట్టెల కొట్టు వాళ్ళ పిల్ల. నా చేతుల మీదే పుట్టింది. కాళ్ళు ముందొచ్చాయి దీనికి, చచ్చీ చెడీ బయటికి తీశా. నా పిల్లా ఇదీ ఒక్క వారంలో పుట్టారు. నా పిల్ల జ్వరంతో దారిలో పోయింది. గొయ్యి కూడా సరిగ్గా తియ్యలేకపోయా. దీన్ని ఎవళ్ళో బండెక్కించుకుపోతుంటే, నాదని చెప్పి లాక్కొచ్చా."

దుబాసీ ఆ మాటల్ని డాక్టరమ్మకి అందించలేదు.

తమ్ముడే అందుకున్నాడు. "అమ్మా, అక్కమ్మా! అక్క!" అని, డాక్టరమ్మతో ఇక్కడి భాషలో, "ఆవిడ మా అక్కేనండీ. అమ్మ ఏదేదో కలిపేసి మాట్లాడుతోంది" అన్నాడు.

డాక్టరమ్మ జాలిగా తలూపింది. కొడుకుకి ఒకటి వేసింది, కూతురికి సున్నా వేసింది. "బాధపడకండి. కన్నబిడ్డల్ని గుర్తుపట్టకపోవడం ఈ జబ్బులో మామూలే" అని దుబాసీ చేతి మీద చెయ్యి వేసింది. "మొత్తం పదకొండు. ఇక ఆలస్యం చెయ్యకుండా మందులూ, ఇంటికొచ్చే నర్సూ రాస్తాను."

అంతా చక్కబడిపోయింది. ఆ సున్నా ఇంటిల్లిపాదినీ కాపాడేస్తుంది. కాగితాలు పదిలం, అమ్మకి మందులొస్తాయి, తమ్ముడికి ఏమీ తెలియక్కర్లేదు. దుబాసీ చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని కూర్చోవడం. అమ్మ వేళ్ళు ఇంకా ఆమె గడ్డం కిందే ఉన్నాయి. నెల మర్చిపోయింది, ఏడాది మర్చిపోయింది, పొయ్యి మీద గిన్నె మర్చిపోయింది. ఈ పిల్ల ఎవరో, తనకెలా దక్కిందో మాత్రం ఒక్క ముక్క పొల్లు పోకుండా చెప్పింది. దానికి సున్నా వేసి, పైగా ఓదారుస్తున్నారు! బస్సు తాత నోట్లో లేని జవాబు పెట్టి మార్కులు వేయించింది తనే. ఇప్పుడు అమ్మ నోట్లోంచి వచ్చిన జవాబుని మింగేసి మార్కు తీయించేదీ తనేనా?

"ఆ సున్నా కొట్టెయ్యండి" అంది.

"ఏమిటి?"

"కొట్టెయ్యండి మేడం! అమ్మ సరిగ్గా చెప్పింది. నేను ఆవిడ కన్న కూతుర్ని కాను." అని మొదలుపెట్టి, అమ్మ అన్న ప్రతి మాటా, కాళ్ళు ముందు రావడంతో సహా, డాక్టరమ్మ భాషలో చెప్పింది. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా నున్నగా చెయ్యలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, గొంతులో మాత్రం ఏడుపు లేదు, మంటే. "ఇంకోటి కూడా రాసుకోండి. మూడేళ్ళుగా మీ దగ్గరున్న ఆ మార్కులు మావాళ్ళవి కావు, నావి. భయపడి వాళ్ళు బట్టీపట్టారు, మిగిలింది నేను అతికించాను. వాళ్ళకెందుకు భయమో ఒక్కరన్నా అడిగారా? మళ్ళీ అందరికీ పరీక్ష పెట్టండి. కొత్త మాటలు పెట్టండి, వేరే దుబాసీని పెట్టండి. ఎన్నొస్తాయో చూసి, అప్పుడు మూయండి ఆ గదిని, మీకు చేతులొస్తే."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "జవాబు రాసే గడి ఉంది దీన్లో. ఒకటి వెయ్యాలంటే ఆవిడ ఏం చెప్పారో రాయాలి. ఇది ఫైల్లోకి వెళ్తుంది. దీన్ని ఎవరెవరు చదువుతారో నా చేతిలో లేదు" అంది నెమ్మదిగా. "తెలుసా మీకు?"

"నాకు తెలుసు." దుబాసీ అప్పుడు తమ్ముడి వంక చూసింది. అనుమతి వాడిది కూడా. "వీణ్ణి అడగాలి."

తమ్ముడు అమ్మ వంకా, ఆమె వంకా మార్చి మార్చి చూశాడు. ఏడాదిగా తను నవ్విన రొట్టెల మాట వాడికిప్పుడు అర్థమైనట్టుంది. లేచి వెళ్ళిపోతాడనుకుంది. లేచాడు కూడా. బల్ల దగ్గరికెళ్ళి కాగితం మీద ఆ సున్నా ఉన్న చోట వేలు పెట్టి, "మా అక్క చెప్పింది రాయండి" అన్నాడు.

డాక్టరమ్మ చాలాసేపు రాసింది. పదకొండు కొట్టేసి పన్నెండు వేసింది.

తమ్ముడు కుర్చీలోకి తిరిగి రాలేదు. అమ్మ కాళ్ళ దగ్గర నేల మీద కూలబడ్డాడు. "అక్కా, నేను పిలిచిన పేరు... అది పోయిన అక్కదా? మరి నీ పేరేంటి?"

దుబాసీ నోరు తెరిచింది. రెండు భాషల్లో ఎవరి మాటనైనా పలికే నోరు, ఆ ఒక్క పేరు దగ్గర బిగుసుకుపోయింది.

"అక్క పేరు తెలీదేంట్రా నీకు?" అని అమ్మ కసిరింది. ఇంటి పేరుతో సహా చెప్పింది, కాస్త కూడా తడుముకోకుండా.

"ఏమన్నారావిడ?" డాక్టరమ్మ మళ్ళీ కలం అందుకుంది.

దుబాసీ కొంగుతో మొహం తుడుచుకుంది.

"అది మీ కాగితం కోసం కాదు మేడం" అంది.